దీపకు పడని సూది

మానుకోట స్టేషన్ రోడ్డు పక్క గల్లీలో శోభ పార్లరుకు పోయిన ఆడవాళ్ళకు కుర్చీలో కూచోగానే అద్దం చూసుకునే తీరిక దొరికేది కాదు. ముందు శోభ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. షుగరుందా? గోలీలేమన్నా మింగుతున్నావా? నెల తప్పిందా? ఇదివరకు మొహానికి ఏం పూసుకున్నావు, పూస్తే దద్దుర్లు లేచినయా? చెవులు కుట్టించిన చోట పుండు మానినంక గడ్డ లాంటిది పెరిగిందా? ఇవన్నీ అయ్యాక బ్లీచింగు క్రీము చుక్కంత తీసి చెవి వెనక పెట్టి, పక్కనున్న బల్ల మీద కూచోబెట్టేది. మంట రాకుంటేనే మొహానికి చెయ్యి తగిలేది.

"బ్లీచింగుకు వచ్చిన్నా, పోలీస్ స్టేషనుకు వచ్చిన్నా?" అని హోల్‌సేల్ కిరాణం సేటు కోడలు శారద ఒకసారి విసుక్కుంది. "స్టేషనైతే కొడ్తరక్కా, నేను అడుగుతున్న అంతే" అని శోభ నవ్వి, ఆపిన ప్రశ్న దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. శారద మూతి ముడుచుకుని జవాబులు చెప్పింది. మళ్ళీ నెల అదే కుర్చీలో కూచుంది కూడా. మూతి ముడవడం అంత వరకే.

ఈ ప్రశ్నల జబ్బు శోభకు హైదరాబాదులో అంటుకుంది. గార్ల దగ్గరి తండాలో పుట్టిన పిల్ల ఆమె. తల్లి కమ్లీ మిరపకాయలు ఏరబోతే వెంటబోయి, ఆ ఘాటుకు కళ్ళు మండి, ఈ బతుకు నాకొద్దని పదో తరగతి అవుతూనే చుట్టాల వెంట పట్నం పోయింది. ఒక పెద్ద పార్లర్లో ఊడ్చే పనికి కుదిరి, ఊడుస్తూ ఊడుస్తూ దారంతో కనుబొమలు తీయడం నేర్చింది. ఆమె "గిట్ల" అంటే కస్టమర్లు కోస్తా యాసలో "గిట్లనా, గట్లనా" అని కిసుక్కుమనేవాళ్ళు. ఆ నవ్వులకు ఏడ్చిన రోజులున్నాయి. ఏడుస్తూనే పని మాత్రం నేర్చింది.

అక్కడే ఒకనాడు కాలేజీ పిల్ల మొహానికి బ్లీచింగు పెట్టారు. ఆ పిల్ల మొటిమలకు ఏవో గట్టి గోలీలు వాడుతోంది. ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. కడిగేసరికి రెండు చెంపలూ తోలు ఊడినట్టు ఎర్రగా కమిలిపోయాయి. ఆ పిల్ల అద్దం ముందు పెట్టిన కేక శోభకు చాలా కాలం చెవుల్లో వినబడింది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ కేక తప్పేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇక ఎవరేమనుకున్నా అడగడం మానలేదు.

పెళ్ళయ్యాక భర్త కల్యాణ్ మానుకోట స్టేషన్ దగ్గర ఆటో నడుపుకుంటుంటే, ఆమె ఈ గల్లీలో గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. ముందు గదిలో కుర్చీలు, అద్దం. వెనక గదిలో పొయ్యి, మంచం. తండా నుంచి ఎవరు వచ్చినా మకాం అక్కడే. అందరికంటే ఎక్కువగా వచ్చేది అక్క నీలి కూతురు దీప. డిగ్రీ చదివేది, తల్లిని యాడీ అని, శోభను మాసీ అని పిలిచేది. చదువు కంటే జై తెలంగాణ ర్యాలీల కోసమే మానుకోటకు వస్తుందని నీలి తిట్టేది. తిట్టడం న్యాయమే.

ఇట్లా అందరినీ అన్నీ అడిగే శోభ, అసలు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా ఏడాదికి పైగా కడుపులో పెట్టుకు తిరిగింది.

సంగతి ఇది. ఉద్యమం మంటల మీదున్న ఎండాకాలం. ఒక రైల్ రోకో నాడు పట్టాల దగ్గర గొడవై, అటూ ఇటూ కంకర రాళ్ళు లేచాయి. ఎవరు విసిరిందో తెలియదు, ఒక రాయి వచ్చి దీప ఎడమ చెంపను చీల్చుకుంటూ పోయింది. దవాఖానకు పోదామంటే, గాయాలతో వచ్చినవాళ్ళ పేర్లు పోలీసులు అక్కడే రాసుకుంటున్నారని పుకారు. పోరగాళ్ళు ఆమెను చున్నీలో చుట్టి, వెనక దారిన శోభ పార్లరుకు మోసుకొచ్చారు. వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టి, తిరిగి స్టేషన్ వైపు ఉరికారు.

శోభ పక్క గల్లీ నుంచి అంజయ్యను పిలుచుకొచ్చింది. అంజయ్య ఆర్‌ఎంపీ. చుట్టుపక్కల తండాలన్నిటికీ ఆయనే డాక్టరు. అర్ధరాత్రి పిలిచినా సైకిల్ మోటారు మీద వచ్చి సూది వేసి, పైసలు పంట వచ్చాక ఇవ్వమనే మనిషి. ఆయన గాయం కడిగి, నొప్పి తెలియకుండా చెంపలో మత్తు సూది వేసి, కుట్టడానికి దారం ఎక్కిస్తున్నాడు. ఇంతలో దీప మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. గొంతులోంచి పిల్లనగోవిలో ఊదినట్టు సన్నటి చప్పుడు. ఆ తర్వాత కళ్ళు తేలేసి, ఊపిరి అందక ఒళ్ళంతా వేలాడిపోయింది.

"సచ్చిపోతున్నదే అన్నా!" అని శోభ అరిచింది. అంజయ్య మందుల డబ్బా నేల మీద కుమ్మరించి, వెతికి వెతికి ఒక చిన్న సీసా పగలగొట్టి, తొడలో ఇంకో సూది పొడిచాడు. కొంచెం సేపటికి ఊపిరి ఆడింది. పెదవుల వాపు మెల్లగా దిగింది. స్పృహ వచ్చీ రాని స్థితిలోనే, మత్తు లేకుండా, ఆయన చెంపకు కుట్లు వేశాడు. అవి వంకరగా పడ్డాయి.

పిల్ల నిద్రపోయాక అంజయ్య గుమ్మంలో కూలబడ్డాడు. "శోభా, నాకు సర్టిఫికెట్ లేదు. పోలీసులకు చెప్పకుంట రాళ్ళ గాయానికి కుట్లేసిన. సూది పడక ఆడపిల్ల పానం మీదికొచ్చిందని బయట పొక్కితే నన్ను బొక్కల ఏస్తరు. నా పిల్లలు ఆగమైతరు. దీపకు గుడ చెప్పకు. దాని నోట్ల మాట ఆగది. సేవాలాల్ మహరాజ్ మీద ఒట్టెయ్యి" అన్నాడు. ఆయన బంజారా కాడు గానీ, తండాల్లో తిరిగినవాడు. లంబాడీ ఆడది తమ గురువు సేవాలాల్ మీద ఒట్టు వేస్తే ఇక నోరు విప్పదని ఆయనకు బాగా తెలుసు.

శోభ ఒట్టు వేసింది. పిల్ల బతికిందన్న సంతోషంలో ఆ నిమిషంలో ఏమడిగినా ఒప్పుకునేది.

నీలికి, తండాకు, కాలేజీకి, అందరికీ ఒకే మాట చెప్పారు. దీప ట్రాక్టర్ ట్రాలీ మీంచి పడింది. పోలీసు కేసులో ఎవరి పేర్లు ఉన్నాయో తెలియని రోజులు కాబట్టి దీప కూడా ఆ ట్రాక్టర్ మాటను గట్టిగా పట్టుకుంది. అడిగినవాళ్ళకు ట్రాలీ రంగుతో సహా చెప్పేది. ఇక ఆ మంచం మీద తనకేమైందో ఆమెకు తెలిసింది ఒక్కటే, రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయానని.

గాయం మానింది గానీ చెంపలో గుంత మిగిలింది. లోపల చర్మం కండకు అతుక్కుపోయి, నవ్వితే మూతి ఒక పక్కకు గుంజేది. డిగ్రీ అయ్యాక దీప ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. అక్కడి పిల్లలు చాటుగా గుంత టీచరమ్మ అనడం మొదలుపెట్టారు. పిల్లల మాటే కదా అని పైకి నవ్వేది. ఆ నవ్వుకు చెయ్యి అడ్డం పెట్టుకునేది. శోభకు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

ఆ వానాకాలం పట్నం నుంచి పార్లర్లకు క్రీములు అమ్మే ప్రేమ్‌చంద్ వచ్చాడు. ఈసారి సంచిలోంచి సన్నటి ముళ్ళున్న చిన్న రోలరు, కొన్ని సూది మందులు బయటికి తీశాడు. రోలరు చెంప మీద దొర్లిస్తే కొత్త చర్మం వస్తుందట. గుంతలు, ముడతలు ఉన్న చోట సూదితో మందు నింపితే సమానమవుతుందట. శోభ కొంటే ఒక్క రోజు ట్రైనింగు కూడా తనే ఇస్తాడట.

"సూది ఎవరు పొడుస్తరు?" అంది శోభ.

"మీరే మేడం. చాలా ఈజీ."

"నేను డాక్టర్నా? నరం లోపలికి పోతే ఏమైతది?"

"పోదు మేడం."

"పోతే అంటున్న. పొయినంక ఏం మందు పెట్టాలె? ఆ మందు నీ సంచిల ఉన్నదా? ఒకరికి దొర్లించిన ముండ్ల రోలరు ఇంకొకరికి పెడితే వాళ్ళ రక్తంల ఉన్న రోగం వీళ్ళకు రాదా?"

ప్రేమ్‌చంద్ నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆ నవ్వు సగానికి వచ్చింది. "మీరు ఊరికే పరేషాన్ అవుతున్నారు. నొప్పి కూడా తెలవదు. మత్తు మందు ఇందులోనే కలిసి ఉంటుంది" అని సూది మందు ఎత్తి చూపించాడు. శోభ ఆ సూది వంక చూసి, "నా దుకాణంలకు ఇవి తేకు" అని సంచి మూసి చేతికిచ్చింది.

ఖర్మ కొద్దీ ఆ రోజు దీప వెనక గదిలోనే ఉంది. ప్రేమ్‌చంద్ మెట్లు దిగకముందే ముందుకొచ్చి అద్దం ముందు నిలబడింది. "మాసీ, గుంత నిండుతదట!"

"వాని తోటి కాదు" అంది శోభ వెంటనే.

"వానితోటి ఎందుకు? హన్మకొండల చర్మం డాక్టరమ్మ ఉన్నదట. మా బడిల మేడం పోయింది. నువ్వు తోల్కపో."

ఆ మొహంలో వెలుగు చూసి శోభకు వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. పైపైన చర్మానికి చేసేదే కదా, మత్తు అవసరం ఉండకపోవచ్చులే అని తనకు తానే చెప్పుకుంది. ప్రేమ్‌చంద్ మాట చెవిన పడ్డాక కూడా అట్లా చెప్పుకుందంటే, మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదనే అనుకోవాలి.

సకల జనుల సమ్మె మొదలైంది. బళ్ళు మూతబడ్డాయి, ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు, దుకాణాల ముందు టెంట్లు వెలిశాయి. బడి లేదు గనుక ఇప్పుడే పోదామని దీప పట్టుపట్టింది. ఆ రోజు రైలు నడుస్తున్నదని తెలిసి ఇద్దరూ ప్యాసింజరు ఎక్కారు. కేసముద్రంలో బండి ఆగిపోయింది. పట్టాల పక్కన సమ్మెవాళ్ళ వంటావార్పు. మార్కెట్ హమాలీలు పెద్ద గుండిగలో ఖిచిడీ కలుపుతున్నారు, ఒకాయన డప్పు కొడుతున్నాడు.

పెట్టెలో జనం పలచబడ్డాక శోభ గొంతు సవరించుకుంది. "దీపా, జర నా మాట విను. ఆ రోజు నీకు..."

"ఆకలైతున్నది మాసీ, ఇప్పుడే వస్త!" అని దీప దిగిపోయింది. తామరాకులో ఖిచిడీ తెచ్చి శోభకు తినిపించి, కిటికీలోంచి డప్పుకు చప్పట్లు కొట్టింది. మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది, తెలిసినవాళ్ళెవరూ లేరు గనుక. శోభ చెప్పాలనుకున్న మాట మింగేసింది. బండి కదిలింది.

డాక్టరు పేరు మాధవీలత. నడి వయసు, సన్నటి గొంతు, మాట వినగానే గుంటూరు వైపు మనిషని తెలిసిపోతుంది. బయట వరసలో కూచున్నప్పుడే దీప శోభ చెవిలో గుసగుసలాడింది. "ఆంధ్రామె మాసీ. రాయి గీయి అని నోరు జారకు. మన ముచ్చట ఆమెకు నచ్చకపోతే పోలీసులకు ఫోన్ చేసినా చేస్తది. ట్రాక్టరే, యాది పెట్టుకో."

లోపల డాక్టరమ్మ లైటు దగ్గరికి జరిపి చెంపను చేత్తో నొక్కి నొక్కి చూసింది. ఆమె అడిగిన ప్రశ్నలు వింటుంటే శోభకు తన పార్లర్లో తానే కూచున్నట్టనిపించింది. మొటిమల గోలీలు వాడుతున్నారా, రక్తం పలుచబడే మందులున్నాయా, పెదవి మీద పొక్కులొస్తాయా, దెబ్బ తగిలితే మచ్చ గడ్డలా పెరుగుతుందా, మీ ఇంట్లో ఎవరికైనా అట్లా ఉందా, ఇదివరకు మొహంలో ఏదైనా మందు నింపించుకున్నారా, గర్భం ఉండే అవకాశముందా? దీప అన్నిటికీ లేదు లేదని చెప్పుకుంటూ పోయింది.

"ఈ దెబ్బ ఎలా తగిలిందమ్మా?"

"ట్రాక్టర్ మీదికెళ్ళి పడ్డ మేడం."

"ట్రాక్టర్ మీద నుంచి పడితే చర్మం గీరుకుపోవాలి. ఇదేదో మొన ఉన్నది వచ్చి తగిలినట్టుంది." డాక్టరమ్మ ఇంకోసారి నొక్కింది. "కుట్లు వేసేటప్పుడు మత్తు ఇచ్చారా? ఇచ్చాక దద్దుర్లు, ఆయాసం, వాపు, అలాంటివేమైనా?"

"ఏం కాలె మేడం. నెత్తురు చూసి కండ్లు తిరిగినయ్, గంతే."

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ట్రాక్టర్ ఒక్కటే అబద్ధం, ఈ రెండోది ఆమెకు తెలిసిన నిజం.

డాక్టరమ్మ నిదానంగా చెప్పుకొచ్చింది. గుంతలో మందు నింపడం ఈ రోజే చేయను. అది ఆషామాషీ పని కాదు, మందు రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగానైనా కంటిచూపు పోవచ్చు. ముందు లోపల అతుక్కున్న చర్మాన్ని సూదితో విడదీయాలి. అది ఇప్పుడే చేస్తాను. కొంచెం మత్తు ఇస్తాను, నొప్పి ఉండదు. దీప తల ఊపి బల్ల మీద పడుకుంది. నర్సు ట్రే తెచ్చి పెట్టింది. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, చిన్న సీసాలోంచి మందు సూదిలోకి లాగింది.

శోభ కళ్ళ ముందు తన వెనక గది మంచం, ఉబ్బిన పెదవులు. సేవాలాల్ మహరాజ్ పేరు మనసులో తలచుకుంది. క్షమించమని అడిగే తీరిక కూడా లేదు.

"ఆగున్రి మేడం!" అని లేచి అడ్డం పోయింది. "గా సూది ఎయ్యద్దు. దానికి పడది. ఆ మత్తు సూదితోనే అది సచ్చి బతికింది."

దీప బల్ల మీద లేచి కూచుంది. "ఏమంటున్నవ్ మాసీ?"

శోభ మొత్తం చెప్పింది. రాయి, చున్నీ, వెనక గది, దద్దుర్లు, ఊపిరి, తొడలో పొడిచిన రెండో సూది. అంజయ్య పేరొక్కటి చెప్పలేదు. చెబుతున్నంతసేపూ డాక్టరమ్మ వంకే చూసింది. దీప వంక చూడడానికి ధైర్యం చాలలేదు. చివర చేతులు జోడించింది. "పోలీసులకు చెప్పకున్రి మేడం. అది రాయి ఇసిరినదాంట్ల లేదు, నిలబడ్డది గంతే."

"నిన్ను ఎవరు కొట్టారని నేను అడగలేదమ్మా. సూది పడిందా లేదా అని అడిగాను" అంది డాక్టరమ్మ దీపతో. ఆమె గొంతులో కోపం ఉంది గానీ అది ఉద్యమం మీద కాదు. సూదిని ట్రేలో పెట్టి, ట్రేను దూరం జరిపింది. మత్తు ఇచ్చాక ఎంతసేపటికి మొదలైంది, ముందు దద్దుర్లా ఆయాసమా, పడిపోయినప్పుడు ఒళ్ళు చల్లబడిందా అని శోభను మళ్ళీ మొదటి నుంచీ అడిగింది. శోభ ఒక్కొక్కటే చెప్పింది. చెప్పే ప్రతి మాటతో దీప మొహం పాలిపోతూ వచ్చింది.

"ఈ రోజు నేను ఏ సూదీ వేయను" అంది డాక్టరమ్మ. "ఇది మత్తు మందుకే వచ్చిందా, దానికి ముందు ఇచ్చిన ఇంకేదైనా మందుకు వచ్చిందా అన్నది తేలాలి. అతని పేరు నాకొద్దు, అతనిచ్చిన మందుల పేర్లు కావాలి. అవి తెలుసుకుని వస్తే, పట్నంలో పెద్దాసుపత్రిలో అన్ని ఏర్పాట్లతో పరీక్ష చేయిస్తాను. అప్పటిదాకా ఎక్కడికి పోయినా ఈ మాట ముందు చెప్పాలి. దెబ్బ తగిలి కుట్లు వేయించుకున్నా, పన్ను పీకించుకున్నా, రేపు కాన్పుకు పోయినా. నువ్వు చెప్పలేని స్థితిలో ఉంటే చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. ఇంట్లో అందరికీ తెలియాలి."

పన్ను మాట రాగానే దీప శోభ వైపు తిరిగింది. "మాసీ, బళ్ళు బంద్ కాంగనే నేను పన్ను పీకించుకోను పోయిన. పండ్ల డాక్టరు దీక్ష టెంటుల కూసున్నడు. దుకాణం బంద్ ఉన్నదని మర్లొచ్చిన."

శోభకు అప్పుడు లెక్క అర్థమైంది. ఏడాదికి పైగా ఈ పిల్ల తిరుగుతున్నది. బడికి పోయింది, బండి వెనక ఎక్కింది, ర్యాలీలో నడిచింది. ఏ రోజు ఏ దవాఖానలో ఏ సూది వేసినా పోయేది. తను మాత్రం సేటు కోడలి చెవి వెనక క్రీము చుక్క పెట్టి, మంట వస్తున్నదా అక్కా అని అడుగుతూ కూచుంది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిరుగు ప్రయాణమంతా దీప కిటికీ వైపు తిరిగి కూచుంది. మానుకోటలో దిగాక మాత్రం, "ఆ అంజయ్య దగ్గరికి పోదాం పా" అంది. పేరు చెప్పకపోయినా పోల్చుకుంది. తండాల్లో సూది అంటే ఇంకెవరున్నారు?

అంజయ్య అప్పుడే ఇంటికొచ్చి, అరుగు మీద మందుల డబ్బా తుడుచుకుంటున్నాడు. ఇద్దరి మొహాలు చూడగానే ఆయనకు అర్థమైంది. "ఒట్టేసినవు గద శోభా" అన్నాడు నీరసంగా.

"ఒట్టు నాది అన్నా. పానం దానిది" అంది శోభ. "ఆ రోజు ఏమేం మందులిచ్చినవో చెప్పు. డాక్టరమ్మకు నీ పేరు అక్కర లేదన్నది."

ఆయన కొంచెంసేపు దిక్కులు చూశాడు. పారిపోయే మనిషి కాదు, పారిపోవాలని మాత్రం ఆ క్షణంలో ఉంది. తర్వాత మెల్లగా చెప్పాడు. ముందు ఇచ్చింది మత్తు సూది ఒక్కటే. టీటీ కుట్లు అయ్యాక ఇచ్చాడు. పుండు చీము పట్టకుండా గోలీలు తెల్లవారి మొదలుపెట్టాడు. మత్తు సూది పేరు, కంపెనీ చెప్పాడు. దీప ఆ పేరు నోట్లో రెండుసార్లు అనుకుంది.

"తొడల పొడిచింది?" అంది శోభ.

"అది గుండె ఆగకుండ ఇచ్చేది. నా డబ్బల గదొక్కటే ఉండె."

"ఇప్పుడున్నదా?"

అంజయ్య డబ్బా వంక చూశాడు. "లేదు. మళ్ళ కొనలె."

"ఆ తర్వాత మత్తు సూదులు ఎయ్యలేదా ఎవరికి?"

ఎన్ని వేశాడో ఆయనకే తెలియదు. గొడ్డలి తెగిన కాళ్ళు, బావి గట్టు మీద జారిన మోకాళ్ళు, ముల్లు దిగిన చేతులు. ఒక్కరినీ సూది పడుతుందా అని అడగలేదు.

దీప అరుగు కింద నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"ఒక్కటి చెప్పున్రి. ఆ రోజు నేను గా మంచం మీదనే సచ్చిపోతే మా యాడికి ఏం చెప్పేటోళ్ళు?"

శోభకు ఆ జవాబు తెలుసు. ఆ రోజు పిల్ల ఊపిరి ఆగిన ఆ కొద్దిసేపట్లోనే, భయంలో, తన బుర్రలో ఆ మాట తయారైంది. బతికాక దాన్నే వాడుకున్నారు. ఈ సంగతి ఇంతవరకు ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"ట్రాక్టరనే చెప్పేటోళ్ళం బిడ్డా" అంది.

దీప చెంప మీద గుంతను ఒకసారి వేలితో తడుముకుంది. అంజయ్య కూతురు మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇస్తే తాగి, చెంబు అరుగు మీద పెట్టింది. "మా యాడికి నేనే చెప్త" అని తండా వైపు పోయే ఆటోల దగ్గరికి నడిచింది. శోభ ఆమె వెనకే పోయింది, పిలవకపోయినా.